అవకాడో చెట్టును నిలబెట్టుకోవడం ఎలా: దిబ్బ, ఆకుల పరుపు, పూత, తోటలోని జీవులు

అవకాడో గురించి నన్ను అడిగేవారి మాటలు ఎక్కువగా ఒకే విధంగా మొదలవుతాయి. "రోజూ నీళ్లు పోస్తున్నాం, ఎరువూ వేస్తున్నాం, అయినా ఆకులు వాలిపోతున్నాయి" అంటారు. జవాబు ఆ మొదటి మాటలోనే ఉంది. ఈ చెట్టు నీటికొరత వల్ల చనిపోవడం అరుదు. వేళ్ల చుట్టూ నీరు నిలిచి, గాలి ఆడక చనిపోయేవే ఎక్కువ.

నా మొదటి మొక్క కూడా అలాగే పోయింది. మామిడికి తవ్వినట్టే మూడు అడుగుల గొయ్యి తవ్వి, పశువుల ఎరువు నింపి, చుట్టూ చక్కగా పాదు కట్టాను. భాద్రపదంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. మూడో వారానికి ఆకులు పచ్చగా ఉండగానే వేలాడిపోయాయి. పీకి చూస్తే చిన్న వేళ్లన్నీ నల్లబడి, చేతివేళ్ల మధ్య నలిపితే పొట్టులా ఊడి వచ్చాయి.

మరికొందరు, పెరటికి వచ్చే పిట్టలకూ తేనెటీగలకూ ఈ చెట్టు పనికివస్తుందా అని అడుగుతారు. పనికివస్తుంది, అయితే చాలామంది అనుకునే విధంగా కాదు. దీని పండు మన పిట్టలకు మేత కాదు. ఆకు కొన్ని జంతువులకు విషం. జీవులకు ఇది ఇచ్చేది పూతలోని మకరందం, దట్టమైన గుబురు, కింద రాలిన ఆకుల పరుపు. ఆ ఆకుల పరుపే చెట్టు వేళ్లను కూడా కాపాడుతుంది కనుక, ఈ రెండు ప్రశ్నలకూ కలిపి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

1. మొదట మీ ఊరి ఎండను, మీ నేలను పరీక్షించుకోండి

అవకాడో పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. మన దేశంలో కొడగు, వయనాడు, నీలగిరుల దిగువ వాలులు, పళని కొండల దిగువ భాగం, సిక్కిం దీనికి అనువుగా కుదిరిన చోట్లు. 20 నుంచి 28 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత, గాలిలో కొంత తేమ, నీరు జారిపోయే నేల దొరికితే ఇది సుఖంగా పెరుగుతుంది.

తెలుగు ప్రాంతాల్లో ఆ పోలికకు దగ్గరగా వచ్చేవి అరకు, చింతపల్లి వైపు మన్యం, మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ చుట్టుపక్కల ఎత్తు ప్రాంతాలు. హైదరాబాదు, బెంగళూరు శివార్లలో శ్రద్ధ తీసుకుంటే పెరటిలో ఒకటి రెండు చెట్లను నిలబెట్టవచ్చు. రోహిణీ కార్తెలో 44 డిగ్రీలు దాటే మైదానాల్లో చెట్టు బతికినా, పిందె నిలవడం కష్టమని ముందే మనసులో పెట్టుకోవాలి. అటువంటి చోట ఎకరాల లెక్కన పెట్టుబడి పెట్టమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

నేల పరీక్షకు ప్రయోగశాల అవసరం లేదు, ఒక గునపం, రెండు బిందెల నీళ్లు చాలు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీసి నీటితో నింపండి. అది ఇంకిన తరువాత మళ్లీ నింపి గడియారం చూడండి. రెండోసారి పోసిన నీరు ఐదారు గంటల్లో ఇంకిపోతే నేల మంచిది. మరునాటికీ అడుగున నీరు కనిపిస్తే ఆ నేలలో గొయ్యి తవ్వి నాటకూడదు. ఎత్తు దిబ్బ మీద నాటాలి, లేదా వేరే చోటు చూసుకోవాలి.

నాటడానికి ముందు ఇవి సరిచూసుకోండి:

- నల్లరేగడి నేల అయితే ఈ చెట్టు మాట మరిచిపోవడం మేలు.
- నేల ఉదజని సూచిక (pH) 5.5 నుంచి 7 లోపు ఉండాలి. సున్నపు గవ్వలు కనిపించే నేలలో ఆకులు పచ్చదనం కోల్పోతాయి.
- బోరు నీరు ఉప్పగా ఉంటే ఆకుల కొనలు మాడతాయి. పండ్ల చెట్లలో ఉప్పుకు ఇంతగా లొంగిపోయేవి తక్కువ.
- పడమటి ఎండనూ, వడగాలినీ ఆపే గోడ గానీ, చెట్ల వరుస గానీ ఉంటే మంచిది.
- ఇంటి గోడకు కనీసం నాలుగైదు మీటర్ల దూరం, రెండు చెట్ల మధ్య ఆరు నుంచి ఎనిమిది మీటర్ల దూరం ఉండాలి.

2. రకం ఎంచుకోవడం

అవకాడోలో మెక్సికన్, గ్వాటెమాలన్, వెస్ట్ ఇండియన్ అనే మూడు తెగలు ఉన్నాయి. మెక్సికన్ తెగ చలిని ఎక్కువగా తట్టుకుంటుంది. దాని ఆకును నలిపితే సోంపు వాసన వస్తుంది. వెస్ట్ ఇండియన్ తెగ వేడి, తేమ ఉన్న పల్లపు ప్రాంతాలకు, కొంత ఉప్పదనానికి ఓర్చుకుంటుంది. దాని కాయ పెద్దది, నూనె శాతం తక్కువ. గ్వాటెమాలన్ ఈ రెండింటికీ మధ్యస్థం, కాయ తొక్క దళసరి.

బజారులో గరుకు తొక్కతో కనిపించే హాస్ రకం గ్వాటెమాలన్, మెక్సికన్ తెగల కలయిక, చల్లని ఎత్తు ప్రాంతాలకు తగినది. పేరు చూసి మైదానంలో హాస్ నాటుకున్నవారు నిరాశపడడం నేను చాలాసార్లు చూశాను. భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ కొడగులోని చెట్టళ్లి కేంద్రం నుంచి అందించిన అర్కా సుప్రీమ్, అర్కా కూర్గ్ రవి రకాలు, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం తడియన్‌కుడిసై కేంద్రం నుంచి వచ్చిన టీకేడీ 1 రకం మన దక్షిణాది పరిస్థితుల్లో ఎంపికైనవి. అందుకని ముందు వీటి కోసమే విచారించండి.

మొక్క కొనేటప్పుడు కుండీని పక్కకు వంచి అడుగు రంధ్రాల దగ్గర వేళ్లను చూడండి. మీగడ రంగులో గట్టిగా ఉంటే ఆరోగ్యం. గోధుమ నలుపు రంగులో మెత్తబడి ఉంటే, ఆకులు ఎంత పచ్చగా ఉన్నా ఆ మొక్క వద్దు. దానితో పాటు వేరుకుళ్లు తెగులును కూడా ఇంటికి తెచ్చుకుంటారు.

3. గింజ నుంచి మొలిపించాలనుకునేవారికి

తిన్న పండులోని గింజ మొలుస్తుంది, కానీ తల్లి చెట్టు గుణం దానికి రాదు. కాయడానికి ఐదారేళ్లు మొదలుకొని ఇంకా ఎక్కువ కాలం కూడా పట్టవచ్చు. అంటు మొక్క మూడు నాలుగేళ్లలో కాపు మొదలుపెడుతుంది.

అయినా గింజ నాటాలనుకుంటే ఆలస్యం చేయకండి. పండు నుంచి తీసిన గింజ రెండు మూడు వారాలకు మించి మొలక శక్తిని నిలుపుకోదు. పైపొర ఒలిచి, వెడల్పాటి భాగం కిందికి వచ్చేలా, మొన కొద్దిగా పైకి కనిపించేలా ఇసుక కలిసిన మట్టిలో పెట్టండి. నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో చీలి మొలక వస్తుంది. కాండం పెన్సిల్ మందానికి చేరినప్పుడు, మంచి రకం కొమ్మ తెచ్చి చీలిక అంటు కట్టించుకోవచ్చు.

4. దిబ్బ తయారీ

ఈ మొత్తం పనిలో తొందరపడకూడని దశ ఇదే. అవకాడో ఆహారం తీసుకునే సన్న వేళ్లలో అధిక భాగం నేల పైనుంచి అడుగు, అడుగున్నర లోపే పాకుతాయి. వాటికి నూగు వంటి వేరు రోమాలు దాదాపు ఉండవు. కనుక అవి నీటిని మెల్లగా మాత్రమే పీల్చుకోగలవు, గాలి లేకపోతే త్వరగా చచ్చిపోతాయి, అటువంటి తడి నేలలోనే ఫైటోఫ్తోరా అనే, శిలీంధ్రాన్ని పోలిన వేరుకుళ్లు సూక్ష్మజీవి వేళ్లలోకి ప్రవేశిస్తుంది. మనకు అలవాటైన పల్లపు పాదు ఈ చెట్టుకు సమాధి అవుతుందని గట్టిగా చెబుతున్నాను.

ఇలా చేయండి:

- రెండు మీటర్ల వెడల్పు వలయం గీసి, అందులో నేలను జానెడు లోతు మాత్రమే గునపంతో వదులు చేయండి. లోతుగా గొయ్యి తీయవద్దు.
- పైపొర ఎర్రమట్టి మూడు వంతులు, ముతక ఇసుక గానీ సన్న గులకరాయి గానీ ఒక వంతు కలిపి, దానికి రెండు మూడు గంపలు బాగా మాగిన ఎరువు చేర్చండి.
- ఆ మిశ్రమాన్ని ఒకటిన్నర నుంచి రెండడుగుల ఎత్తు దిబ్బగా పోయండి. వాలు మెల్లగా ఉండాలి. నిటారుగా పోస్తే మొదటి వానకే కోసుకుపోతుంది.
- నీళ్లు చల్లి పదిహేను రోజులు వదిలేయండి. దిబ్బ కొంత కుంగుతుంది. కుంగిన మేరకు మళ్లీ మట్టి పోయండి.
- వాన నీరు దిబ్బ చుట్టూ నిలవకుండా పల్లానికి ఒక సన్న కాలువ తీయండి.

పచ్చి పేడ, సగం మాగిన ఎరువు దిబ్బ లోపల వేయకూడదు. అవి కుళ్లేటప్పుడు పుట్టే వేడికి, లవణాలకు లేత వేళ్లు మాడిపోతాయి. గొయ్యి అడుగున రాళ్లు పరిస్తే నీరు దిగుతుందని కొందరు చెబుతారు; బంకమట్టిలో ఆ రాళ్ల సందులే నీటి తొట్టిగా మారతాయి.

5. నాటే రోజు

తెలంగాణలో ముసురు వానలు తగ్గిన సెప్టెంబరు, అక్టోబరు నెలలు, రాయలసీమ ఎత్తు ప్రాంతాల్లో ఈశాన్య వానలు వెనకబట్టిన డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. ఎండాకాలం వచ్చేలోపు వేళ్లు దిబ్బలోకి పాకడానికి వ్యవధి దొరుకుతుంది.

సాయంత్రం పూట నాటండి. కుండీకి ముందురోజే నీళ్లు పోసి ఉంచితే మట్టి ముద్ద విరగదు. కవరును చాకుతో నిలువుగా కోసి తీయండి. కాండం పట్టుకుని లాగవద్దు. మిగతా మొక్కలకు చేసినట్టు వేళ్లను విడదీయడం, దులపడం ఇక్కడ పనికిరాదు.

ముద్ద పైభాగం దిబ్బ పైభాగంతో సమానంగా, లేదా వేలెడు ఎత్తుగా ఉండాలి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన స్పష్టంగా కనిపించాలి. కాండం మొదలు చుట్టూ మట్టి ఎగదోయకండి. చేత్తో మెల్లగా అదిమి, పది లీటర్ల నీరు నెమ్మదిగా పోసి, గాలికి ఊగకుండా రెండు వైపులా కర్రలు పాతి గుడ్డ పేలికతో వదులుగా కట్టండి.

6. మొదటి రెండేళ్లు: నీరు, నీడ

నీరు ఎన్ని రోజులకొకసారి పోయాలన్న ప్రశ్నకు క్యాలెండర్ సరైన జవాబు చెప్పదు, వేలు చెబుతుంది. దిబ్బ వాలు మీద చూపుడు వేలును రెండు కణుపుల వరకు గుచ్చండి. చెమ్మ తగిలి మట్టి ముద్ద కట్టేటట్టు ఉంటే పోయవద్దు. పొడిగా రాలిపోతే పోయండి. వేసవిలో చిన్న మొక్కకు రోజు విడిచి రోజు ఎనిమిది, పది లీటర్లు అవసరం కావచ్చు. వానాకాలంలో వారాల తరబడి ఏమీ అక్కరలేకపోవచ్చు.

డ్రిప్ ఉంటే ఒక్క రంధ్రంతో సరిపెట్టకండి. కాండానికి అడుగు దూరంలో చుట్టూ నాలుగు రంధ్రాలు ఉంటే వేళ్లు అన్ని వైపులా పాకుతాయి. ఉప్పు నీరు తప్పనిసరి అయితే నెలకోసారి ఎక్కువ నీరు పారించి లవణాలను కిందికి కడిగివేయాలి. నీరు జారే దిబ్బ ఉంటేనే అది సాధ్యమవుతుంది.

మొదటి రెండు వేసవుల్లో 50 శాతం షేడ్ నెట్‌ను పైన, పడమటి వైపున కట్టండి. ఈ చెట్టు బెరడు పలచన. ఎండ సూటిగా తగిలితే మాడి పగుళ్లిస్తుంది. సున్నం నీళ్లలో పలచగా కలిపి కాండానికీ, బయటికి కనిపించే కొమ్మలకూ ఫిబ్రవరి చివరలోనే పూయండి.

7. ఆకుల పరుపు: వేళ్లకూ, వానపాములకూ ఒకే ఇల్లు

మన ఇళ్లలో చెట్టు కింద ఊడ్చి శుభ్రంగా ఉంచడం మంచి అలవాటుగా నేర్పారు. ఈ ఒక్క చెట్టు కింద మాత్రం చీపురు పెట్టకండి. అవకాడో తన పాత ఆకులను పూత, కొత్త చిగురు వచ్చే కాలంలో విరివిగా రాలుస్తుంది. ఆకు దళసరి కనుక త్వరగా చివకదు; అది పొరలు పొరలుగా పేరుకుని చెట్టుకు పరుపు అవుతుంది.

చెట్టు చిన్నదైనప్పుడు ఆ పరుపును మనమే వేయాలి. ముతక చెక్క ముక్కలు, ఎండాకులు, కొబ్బరి డొప్పలు, వేరుసెనగ పొట్టు కలిపి నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన, కొమ్మల అంచు వరకు పరవండి. కాండం చుట్టూ జానెడు మేర మాత్రం ఖాళీగా ఉంచండి. కాండానికి తగిలే తడి పరుపు వల్ల మొదలు కుళ్లుతుంది. లాన్ కోసిన పచ్చి గడ్డిని మందంగా వేస్తే అట్టకట్టి గాలి ఆడనివ్వదు, కాబట్టి దానిని ఎండబెట్టి వేయాలి.

ఇది కేవలం తేమ కోసం కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వేరుకుళ్లు కలిగించే ఫైటోఫ్తోరా ఉన్న నేలల్లోనే, దళసరి సేంద్రియ పొర కాపాడుకుంటూ వచ్చిన అవకాడో తోటలు ఆరోగ్యంగా నిలబడ్డాయి. చెక్కను, ఆకును కుళ్లించే సూక్ష్మజీవులు విడుదల చేసే సెల్యులేజ్ ఎంజైములు ఫైటోఫ్తోరా కణకవచాన్ని కూడా కరిగిస్తాయి. చెక్కలో ఉండే సెల్యులోజ్ అనే పదార్థమే ఆ సూక్ష్మజీవి కణకవచంలోనూ ఉండడం దానికి కారణం. దిబ్బకు జిప్సం చల్లడం కూడా ఆ తెగులును అణచడానికి సాయపడుతుంది.

మూడేళ్ల వయసు దాటిన చెట్టు కింద, వాన వెలిసిన మరునాడు, పరుపును ఒక చోట చేత్తో మెల్లగా ఎత్తి చూడండి. పైన కరకరలాడే ఆకు, దాని కింద సిరలు మాత్రమే మిగిలిన జల్లెడాకు, ఆ కింద నల్లటి తడి పొడి ఉంటాయి. ఆ పొడిలోకే మీగడ రంగు సన్న వేళ్లు నేలను వదిలి పైకి వచ్చి అల్లుకుంటాయి. వాటి మధ్య వానపాములు, రోకలిబండలు, చిన్న సాలీళ్లు కదులుతాయి. చూసిన తరువాత ఎలా ఉన్నదాన్ని అలాగే కప్పేయండి. అక్కడ పార పెట్టి తవ్వితే చెట్టు నోటికాడి కూడు తీసినట్టే.

ఈ పరుపు ఉన్న చోటికి గోరింకలు, గుంపులుగా తిరిగే బూడిద రంగు పిట్టలు, జెముడుకాకులు వచ్చి ఆకులను తిరగేసి పురుగులను ఏరుకుంటాయి. కప్పలు, తొండలు పగటి ఎండకు ఇందులో తలదాచుకుంటాయి. ఒకటి గుర్తుంచుకోండి: పాములు కూడా రావచ్చు. అందుకే చెట్టును గుమ్మానికి, పిల్లలు ఆడే చోటుకు దూరంగా పెట్టుకోవాలి, రాత్రిపూట పరుపు మీద చెప్పులు లేకుండా నడవకూడదు.

8. ఎరువులు

ఏడాదికి మూడుసార్లు, చిన్న చెట్టుకు రెండు కిలోల చొప్పున వర్మీ కంపోస్ట్, పావు కిలో వేపపిండి పరుపు పైనే చల్లి నీళ్లివ్వండి. వయసుతో పాటు మోతాదు పెంచండి. గుంత తీసి వేయకూడదు.

కొత్త ఆకులు చిన్నవై, సిరల మధ్య పసుపు మచ్చలతో వస్తే అది జింక్ లోపం. చిగురు కాలంలో లీటరు నీటికి రెండు గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. లేత ఆకు మొత్తం పాలిపోయి సిరలు మాత్రమే పచ్చగా ఉంటే ఇనుము లోపం. తరచుగా దానికి అసలు కారణం సున్నపు నేల గానీ, ఎక్కువైన నీరు గానీ అవుతుంది. మందు కొనే ముందు నీరు తగ్గించి చూడండి.

9. పూత: పొద్దున ఆడ, మాపున మగ

చెట్టు నిండా పూత, ఒక్క పిందె లేదు అన్న ఫిర్యాదుకు సమాధానం ఈ పువ్వు నడవడికలో ఉంది. అవకాడో పువ్వు రెండుసార్లు తెరుచుకుంటుంది. మొదటిసారి ఆడ పువ్వుగా విచ్చుకుని ముడుచుకుంటుంది, మరునాడు మగ పువ్వుగా మళ్లీ విచ్చుకుంటుంది.

పువ్వు తెరుచుకునే వేళను బట్టి చెట్లు 'ఏ' (A), 'బీ' (B) అని రెండు రకాలు. 'ఏ' రకం చెట్లు మొదటిరోజు ఉదయం ఆడ పువ్వుగా, మరునాటి మధ్యాహ్నం మగ పువ్వుగా తెరుచుకుంటాయి. హాస్, పింకర్టన్ ఈ రకానివి. బీ రకం చెట్లు మొదటిరోజు మధ్యాహ్నం ఆడ పువ్వుగా, మరునాడు ఉదయం మగ పువ్వుగా తెరుచుకుంటాయి; ఫ్యూర్టే, బేకన్ ఈ రకానివి. పక్కపక్కన ఒక్కొక్కటి ఉంటే ఒకదాని పుప్పొడి మరొకదానికి సరిగ్గా వేళకు అందుతుంది.

భూతద్దం తీసుకుని ఒక గుత్తి ముందు నిలబడండి. పచ్చ పసుపు కలిసిన ఆరు రేకుల పువ్వు, వెడల్పు ఒక సెంటీమీటరు. ఆడ దశలో మధ్యన కీలం ఒక్కటే తలెత్తి ఉంటుంది, కేసరాలు రేకుల మీదికి వెనక్కి వాలి ఉంటాయి. మగ దశలో కేసరాలు లేచి నిలబడతాయి, వాటి తలల మీద చిన్న మూతలు పైకి తెరుచుకుని, ఆ మూతల అంచున పుప్పొడి అంటుకుని ఉంటుంది. వారం రోజులు ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి చూసి రాసుకుంటే, నర్సరీ వారు చెప్పకపోయినా మీ చెట్టు ఏదో మీకే తెలుస్తుంది.

ఒకే చెట్టుకు స్థలం ఉన్నవారు నిరుత్సాహపడనవసరం లేదు. ఉష్ణోగ్రతలు తగ్గినప్పుడు పువ్వుల వేళలు జారిపోయి, కొన్ని గంటలు రెండు దశలూ ఒకే చెట్టు మీద కనిపిస్తాయి. కాపు తక్కువైనా వస్తుంది. పెద్ద చెట్టు లక్షల పువ్వులు పూసినా, కాయగా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. అది చెట్టు స్వభావం, రోగం కాదు.

పుప్పొడి మోసేవి కీటకాలే. పుట్ట తేనెటీగలు, కొమ్మకు చిన్న పట్టు పెట్టే జుంటీగలు, కుట్టని చిన్న తేనెటీగలు, పూల మీద గాలిలో నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగలు, మామూలు ఈగలు కూడా వస్తాయి. రెండు దశల్లోనూ మకరందం దొరుకుతుంది. పుప్పొడి మగ దశలోనే. ఈ మకరందంలో పెర్సిటాల్ అనే ప్రత్యేకమైన చక్కెర ఉంటుంది. పక్కన నిమ్మ, ఆవాల పూత ఉంటే తేనెటీగలు ముందు అటే వెళతాయి. అందుకే ఎక్కడో ఉన్న పట్టును నమ్ముకోకుండా, ఏడాది పొడవునా ఏదో ఒక పూత ఉండేలా తులసి, సోంపు, ధనియాలు, బంతి చుట్టూ పెంచండి. సిర్ఫిడ్ ఈగలకు ఈ చిన్న పూలు ఎంతో ఇష్టం, వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి.

పూత కాలపు నియమాలు:

- మొగ్గ కనిపించినప్పటినుంచి పిందె గోలీ అంత అయ్యేవరకు ఏ పురుగుమందూ కొట్టవద్దు. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులను నేలలో పోసినా అవి మకరందంలోకి చేరతాయి.
- వేపనూనె తప్పనిసరి అయితే, తేనెటీగలు వెళ్లిపోయిన తరువాత, సూర్యాస్తమయం దాటాకే, పూలకు తగలకుండా కొట్టండి.
- వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోసి నీడలో పెట్టండి. రాళ్లు లేని నీటిలో తేనెటీగలు మునిగిపోతాయి.
- పూతలో చెట్టును బెట్టకు గురిచేయవద్దు. వడగాలి వీచిన రోజున ఉదయమే పరుపు తడిపితే పిందె రాలడం కొంత తగ్గుతుంది.

10. ఏ జీవికి మేలు, ఏ జీవికి ప్రమాదం

సతతహరితమైన గుబురు కనుక ఎండాకాలంలోనూ చిన్న పిట్టలకు నీడ దొరుకుతుంది. దర్జీ పిట్ట, పిగిలిపిట్ట, తేనెపిట్ట వంటివి చిగుళ్ల మీది పురుగులను ఏరుకుంటాయి. దాల్చినచెక్క కుటుంబానికి చెందిన చెట్టు కావడం వల్ల, ఆ కుటుంబపు ఆకులనే తినే కొన్ని సీతాకోకచిలుకలు దీని చిగురు మీద కూడా గుడ్లు పెడతాయి. నల్లటి రెక్కల మధ్య నీలి పట్టీ ఉండే బ్లూబాటిల్ వాటిలో ఒకటి. పచ్చటి గొంగళి ఒకటి రెండు ఆకులు తింటే పెద్ద చెట్టుకు లోటు ఉండదు, వదిలేయండి.

ఇక ప్రమాదం సంగతి. ఆకు, బెరడు, గింజ, తొక్కలలో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది. మేకలు, గొర్రెలు, ఆవులు, గుర్రాలు, కుందేళ్లు ఆకులు మేస్తే పొదుగు వాపు, పాలు తగ్గడం, గుండె కండరం దెబ్బతినడం జరుగుతాయి. మన ఊళ్లలో చెట్టు కొట్టిన రొట్టను మేకలకు వేయడం అలవాటు. ఈ రొట్టను ఎట్టి పరిస్థితిలోనూ వేయవద్దు, పక్కింటివారికి కూడా చెప్పండి.

పంజరపు పిట్టలకు ఇది మరింత ప్రమాదం. లవ్‌బర్డ్స్, బడ్జీలు, చిలుకలు కొద్దిపాటి పండు తిన్నా ప్రాణాపాయం కలగవచ్చు. పిట్టల కోసం పెట్టే పళ్లెంలో అవకాడో ముక్కలు పెట్టకండి, వాటికి జామ, అరటి, జొన్నలు చాలు. కత్తిరించిన ఆకులను చేపల తొట్టిలో, చెరువులో పడేయకండి. వాటికి సరైన చోటు అదే చెట్టు కింది పరుపు.

ఉడుతలు, ఎలుకలు కాయలు కొరుకుతాయి. వలతో చెట్టంతా కప్పితే పిట్టలు చిక్కుకుని చస్తాయి, అందుకే నేను దాన్ని ఒప్పుకోను. కాయ నిమ్మకాయంత అయినప్పుడు గుడ్డ సంచులు కట్టండి. కాండానికి మీటరు ఎత్తులో నున్నటి రేకు చుట్టి, గోడకు తగిలే కొమ్మలు తీసేస్తే నేల నుంచి ఎక్కే ఎలుకలు ఆగుతాయి. ఎలుకల మందు పెట్టవద్దు. దాన్ని తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ పోతుంది.

11. పురుగులు, కత్తిరింపు

పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే ముందు నీటిని బలంగా కొట్టి కడగండి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు ఉన్నాయేమో ఆకు వెనుక చూడండి. ఉంటే వారం రోజులు ఆగితే పని అవే చేస్తాయి. వానాకాలంలో కాయ మీద నల్లటి పల్లపు మచ్చలు వస్తే అవి పక్షికన్ను తెగులుకు గుర్తు. ఎండు పుల్లలు తీసేసి, గాలి ఆడేలా చేసి, పూత లేని సమయంలో రాగి ధాతు మందు వాడవచ్చు. రాగి మందును పదేపదే కొట్టి పరుపు మీద పడేయకూడదు, అది వానపాములకు మంచిది కాదు.

కత్తిరింపు కాయ కోసిన తరువాతే. ఎత్తును నాలుగైదు మీటర్ల వద్ద ఆపండి, ఒకేసారి మూడో వంతుకు మించి తీయకండి. నేల వైపు వంగిన కింది కొమ్మలను అలాగే వదలండి. అవి కాండానికి నీడనిస్తాయి, రాలిన ఆకును గాలికి పోనివ్వవు, పిట్టలకు మరుగునిస్తాయి. కత్తెర పెట్టే ముందు గూళ్లు ఉన్నాయేమో చూసి, ఉంటే ఆ కొమ్మను పిల్లలు ఎగిరిపోయేవరకు ముట్టుకోవద్దు.

12. లక్షణం చూసి చేయవలసినది

- ఆకులు పచ్చగానే వాలిపోయి, నేల తడిగా ఉంది: వేరుకుళ్లు మొదలైంది. నీరు వెంటనే ఆపండి, కాలువ లోతు చేయండి, కొమ్మలను కొంత తగ్గించి వేళ్ల మీద భారం తీయండి, జిప్సం, ముతక పరుపు వేయండి. ఆ దశలో ఎరువు వేస్తే చెట్టు త్వరగా పోతుంది.
- ఆకుల కొనలు, అంచులు గోధుమ రంగుకు మాడాయి: ఉప్పు చేరింది. వాన నీరు పట్టి పోయండి, రసాయన ఎరువు ఆపండి.
- ఒకవైపు కొమ్మల బెరడు పగిలింది: ఎండ దెబ్బ. సున్నం పూసి నీడ కల్పించండి.
- ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు పూయలేదు: అవకాడోకు ఇది అలవాటు. ఎక్కువ కాసిన ఏడాది పిందెలు కొన్ని తీసేసి, పక్వమైన కాయను చెట్టు మీద ఎక్కువ రోజులు ఉంచకుండా కోయండి.
- బఠాణీ గింజంత పిందెలు రాలుతున్నాయి: చాలావరకు సహజం. పరుపు పొడిగా ఉందేమో మాత్రం చూడండి.

13. కోత

అవకాడో చెట్టు మీద పండదు. పక్వానికి వచ్చిన తరువాత కోసి ఇంట్లో ఉంచితేనే మెత్తబడుతుంది. పక్వం తెలుసుకోవడానికి ముందు పెద్ద కాయ ఒక్కటి కోసి గది వాతావరణంలో పెట్టండి. వారం, పది రోజుల్లో ముడతలు పడకుండా మెత్తబడితే ఆ పరిమాణం కాయలన్నీ సిద్ధంగా ఉన్నట్టు. ముడుచుకుపోయి రబ్బరులా ఉంటే ఇంకా రెండు మూడు వారాలు ఆగండి. కోసి చూస్తే గింజ పైపొర పసుపు తెలుపు నుంచి ముదురు గోధుమ రంగుకు మారి ఉండడం మరొక గుర్తు.

కాయను లాగి తెంపకుండా, అర సెంటీమీటరు తొడిమ ఉంచి కత్తెరతో కోయండి. తొడిమ ఊడిన చోటునుంచే కుళ్లు మొదలవుతుంది. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెడితే లోపల నల్లబడుతుంది; మెత్తబడిన తరువాతే లోపల పెట్టాలి. త్వరగా పండాలంటే కాగితం సంచిలో ఒక అరటిపండుతో కలిపి మూట కట్టండి.

కింద రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరివేయండి. కుళ్లిన కాయ మీద పండు ఈగ పెరుగుతుంది, ఎలుకలు మరుగుతాయి, మేకలో కుక్కలో నోట పెట్టుకుంటాయి. కుక్క మింగిన గింజ గొంతులో, పేగులో అడ్డుపడుతుంది. ఏరిన కాయలను గింజతో సహా చెట్టుకు దూరంగా అడుగున్నర లోతున పూడ్చేయండి, ఆకులను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.